పట్టము తరువాతి మెట్టు
(ఖరగపూరు తెలుగువారి సభలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

నేను సచివాలయమున కాగితముల నడుమ కాలము గడపువాడను, ఆర్ట్సు పట్టభద్రుడను. విజ్ఞానశాస్త్రముల లోతులు నాకు తెలియవు. అయినను దరఖాస్తు ఎచ్చట ఆగిపోవునో, గడువు ఎట్లు దాటిపోవునో నా ఉద్యోగము నాకు కొంత నేర్పినది. ఆ మేరకే మాట్లాడుదును.

పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూరు రైల్వే ఈ ఊరికి వచ్చినది. దాని వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుండి మన పెద్దలు వచ్చి, ఇచ్చటి వర్కుషాపులో చెమటోడ్చి, మన కుటుంబములను నిలబెట్టిరి. తరువాత 1951లో, హిజ్లీ నిర్బంధ శిబిర భవనమున, దేశమునకు మొదటి ఐ.ఐ.టి. వెలసినది. 1931లో రాజబందీలపై కాల్పులు జరిగి ఇద్దరు యువకులు ప్రాణములు కోల్పోయిన స్థలమది. అట్టి చోట విద్యాలయము వెలయుట మన తరమువారు మరువరాని విషయము.

రైల్వే కాలనీకి ఆ విద్యాలయము కూతవేటు దూరముననే యున్నది. అయినను మన యిండ్లలో పెక్కింట ఒక అపోహ కలదు. పన్నెండవ తరగతి తరువాత ప్రవేశపరీక్షలో నెగ్గనివారికి ఆ తలుపు శాశ్వతముగా మూసికొనిపోవునని తలంతురు. అది సరికాదు. సామాన్య కళాశాలలో బి.ఎస్సీ. చదివిన విద్యార్థికి రెండవ ద్వారమొకటి తెరచియే యున్నది. దాని పేరు జామ్ పరీక్ష. భౌతిక, రసాయన, గణిత, భూగర్భ శాస్త్రములు, అర్థశాస్త్రము మొదలగు ఏడు విషయములలో ఇది జరుగును. చివరి సంవత్సరము చదువుచున్నవారును వ్రాయవచ్చును. దరఖాస్తులు సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో, పరీక్ష ఫిబ్రవరిలో. ఇంజనీరింగువారికి, ఎం.ఎస్సీ. వారికి గేట్ పరీక్ష కలదు. ఇందు 2021 నుండి మానవీయ, సాంఘిక శాస్త్రముల ప్రశ్నపత్రము కూడ చేర్చిరి.

నావంటి ఆర్ట్సువారు నిరాశ చెందనక్కరలేదు. కేంద్ర విశ్వవిద్యాలయములలో ఎం.ఏ. ప్రవేశమునకు 2022 నుండి ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. తెలుగు చదువదలచిన ప్రవాస బాలబాలికలకు హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయము చక్కని స్థానము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయములలో స్థానికతా నిబంధనలు కలవు. ఇచ్చట పుట్టి పెరిగినవారు వానిని ముందుగనే చదివి తెలిసికొనవలయును.

ఇక అసలు విషయమునకు వత్తును. పై చదువును గూర్చిన యోచన మన యిండ్లలో ఎప్పుడు మొదలగును? డిగ్రీ ఫలితములు వచ్చిన దినమున! మార్కుల పట్టిక చేత బట్టికొని, "ఇక నేమి చేయుదము?" అని అడుగుదుము. అప్పటికి ఆ సంవత్సరపు గడువులలో పెక్కు దాటి యుండును. కావున ఈ ప్రశ్న రెండవ సంవత్సరముననే వేసికొనవలయును. ఏ విషయము చదువునప్పుడు మీకు కాలము తెలియకుండ గడచుచున్నదో గుర్తింపుడు. ఆ విషయము బోధించు అధ్యాపకునితో పరిచయము పెంచికొనుడు. తరగతి ముగిసిన పిదప ఒక సందేహమైన అడుగుడు. పరిశోధనకుగాని, విదేశములకుగాని పోవువారికి రేపు ఆయన లేఖ అవసరమగును. ముఖమైనను ఎరుగని విద్యార్థిని గూర్చి ఏ గురువైనను ఏమి వ్రాయగలడు? విదేశములు కోరువారు మరియొకటి గమనింపవలయును. మన మూడేండ్ల డిగ్రీని అమెరికాలో పెక్కు విశ్వవిద్యాలయములు చాలినదిగా గ్రహింపవు. నాలుగేండ్ల డిగ్రీయో, ఎం.ఎస్సీ.యో ముందు పూర్తి చేయుట మేలు.

ధ్రువపత్రముల సంగతి కొంత నొక్కి చెప్పుదును. షెడ్యూల్డు కులముల జాబితా రాష్ట్రమునుబట్టి మారును. మన తాతల రాష్ట్రమున నున్న పేరు ఇచ్చటి జాబితాలో ఉండకపోవచ్చును. వెనుకబడిన తరగతులవారికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఇటీవలి తేదీతో పత్రము కావలయును. పాఠశాల పత్రమున ఇంటిపేరు ఒకరీతి, ఆధారులో వేరొకరీతి ఉండుట మనవారిలో సామాన్యము, ఏలయన వంగభూమిలో మన పేర్లు వ్రాయువారికి ఆ పేర్లు క్రొత్తవి. ఈ సవరణలకు మాసములు పట్టును. గడువు మాత్రము మనకొరకు ఆగదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఆందోళన నేనెరుగుదును. తండ్రికి పదవీ విరమణ దగ్గరపడినది. చెల్లెలి పెండ్లి ఉన్నది. రైల్వే పరీక్ష వ్రాసి కుమారుడు స్థిరపడిన చాలునని మీ కోరిక. అది న్యాయమైన కోరికయే. ఐనను పై చదువు ప్రతివారికిని కేవలము వ్యయము కాదు. గేట్ ద్వారా ఎం.టెక్. లో చేరి అర్హత పొందినవారికి నెలకు 12,400 రూపాయల వేతనము కలదు. నెట్ పరీక్షలో పరిశోధక వేతనమునకు ఎంపికైనవారికి 2023 నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు. అట్లని అందరికిని ఇవి లభించునని చెప్పను, ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదువులకు మీరు పెట్టుబడి పెట్టవలసియే యుండును. కావున బిడ్డను కూర్చుండబెట్టికొని, ఇల్లు ఎంత కాలము ఓర్వగలదో దాపరికము లేక చెప్పుడు. రెండేండ్లన్న రెండేండ్లు, ఒక యేడన్న ఒక యేడు. ఆ లెక్క తెలిసిన బిడ్డ తన ప్రయత్నమును దానికి తగినట్లు దిద్దుకొనును. తెలియని బిడ్డ సగము మనస్సుతో రెండు పరీక్షలు వ్రాసి రెంటికిని చెడును.

ఇంటి అవసరము వలన ఉద్యోగములో చేరవలసినవారు చిన్నబుచ్చుకొనవలదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985 నుండి అట్టివారికొరకే పనిచేయుచున్నది. డ్యూటీ ముగించుకొని, రాత్రి దీపము క్రింద ఎం.ఏ. చదివిన గుమాస్తాలను మా కార్యాలయములో నేనెరుగుదును. వారి చదువు ఎవ్వరి చదువుకును తీసిపోదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. కుమారునకు ఇచ్చిన రెండేండ్లు కుమార్తెకును ఇండు. ఇంటినుండి సైకిలుపై పోదగిన దూరమున అంతటి విద్యాలయ ముండగా, దూరదేశమను సాకు మనకు లేదు.

ఈ సభలో రెండవ సంవత్సరము చదువువారు ఎందరున్నారో నాకు తెలియదు. వారు నేటి రాత్రియే ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాసికొందురుగాక: చదువగోరు విషయము, సంప్రదింపవలసిన గురువు, సంపాదింపవలసిన పత్రములు. ఆ కాగితమును తల్లిదండ్రులకు చూపుడు. మిగిలిన మాటలు మీ యింటిలో మీరే మాటలాడుకొందురు.

సెలవు.