రెండు ఇళ్లలో ఒకే రాఖీ

(ఇళ్ల దగ్గర కూలికి పనిచేసే స్త్రీల సమస్యలపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను గానీ, ముందు మా ఇంట్లో రాఖీ ఎలా చేశామో చెప్పనివ్వండి.

మా పాపకు ఆరేళ్లు. శ్రావణ పౌర్ణమికి బడి సెలవు. బజారు రాఖీ వద్దు, మనమే చేద్దాం అన్నాను. ఎర్ర పట్టుదారాన్ని పేటలుగా మడిచి, మధ్యలో ముడివేసి, కొసలు కత్తిరించాం. తర్వాత పాత టూత్‌బ్రష్షుతో ఆ కొసల్ని దువ్వాలి. దువ్వేకొద్దీ పోగులు విడిపోయి బంతిపువ్వులా విచ్చుకుంటాయి. దాని మీద స్పాంజి ముక్క, చెమ్కీ, ఒక పూస. రెండు చేసింది. మూడోది సగంలో ఉండగా జిగురు జుట్టుకంటించుకుని, "ఇంక చాలమ్మా" అని లేచిపోయింది. ఒకటి తమ్ముడికి కట్టింది, ఒకటి తనే కట్టుకుంది. (తమ్ముడే అక్కను కాపాడాలన్న మాట తనకు పట్టదని అప్పుడే తేల్చేసింది. అది వేరే సంగతి.)

ఆ బ్రష్షు కిటుకు నాకెవరు నేర్పారనుకున్నారు? మేం పనిచేసే బస్తీలో, మా పాప ఈడు పిల్లే.

ఆగస్టులో అమ్మే రాఖీల పని ఆ బస్తీకి ఎండాకాలంలోనే వచ్చేస్తుంది. సరిగ్గా బడి సెలవుల్లో. నేను వెళ్లేసరికి తల్లి చెమ్కీ అంటిస్తోంది, పిల్ల దువ్వుతోంది. "ఎంత బాగా చేస్తున్నావే!" అన్నాను, ఇంట్లో అన్నట్టే. తల్లి తలెత్తి, "మెచ్చుకోకు అక్కా, చెయ్యి ఆపుతది. పొద్దుగాల రెండు గ్రోసులు ఇయ్యాలె" అంది. గ్రోసంటే 144. నాకు సిగ్గేసింది. ఆ పిల్లకు "ఇంక చాలమ్మా" అనే వీలు లేదు.

ఇప్పుడు చట్టం. 1986 బాలకార్మిక చట్టం కొన్ని పనుల్లో పిల్లల్ని పెట్టుకోవడాన్ని నిషేధించింది, కానీ కుటుంబ సహాయంతో నడిచే పనిచోటును వదిలేసింది. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధించింది. బాగుంది అనుకున్నాం. అందులోనూ ఒక మినహాయింపు పెట్టారు. ప్రమాదకరం కాని పనిలో, బడి వేళల తర్వాత గానీ సెలవుల్లో గానీ, పిల్లలు కుటుంబానికి సాయం చేయవచ్చు. కుటుంబమంటే తల్లిదండ్రులూ తోబుట్టువులే కాదు, మేనత్త, మేనమామ, చిన్నాన్న, పిన్ని కూడా. ఈ మినహాయింపు మాటల్ని మాత్రమే చూస్తే, మా పాప రెండు రాఖీలూ, ఆ పిల్ల రెండు గ్రోసులూ ఒకటేలా కనిపిస్తాయి: సెలవుల్లో ఇంట్లో అమ్మకు సాయం. కాంట్రాక్టరు ఈ బొమ్మలో ఎక్కడా లేడు.

తల్లుల్ని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. "పిల్లలతో పని చేయించకండి" అనే పోస్టరు పట్టుకుని మేమూ ఒకసారి అదే బస్తీకి వెళ్లాం. తలుపులేసుకున్నారు. జిగురు ఆమే కొనుక్కోవాలి, పూస వంకర పోతే కూలి కోత. ఒక్కత్తి చేతుల మీద గిట్టుబాటు కాని రేటు పెట్టినవాడు రెండో జత చేతుల్ని కూడా లెక్కేసుకునే పెట్టాడు. బీడీలు ఇంట్లో చుట్టినా కార్మికురాలేనని 1966 చట్టం ఒప్పుకుంది. రాఖీ చేసే ఆమెకు అలాంటి ప్రత్యేక చట్టం దక్కలేదు. ఇళ్ల దగ్గర పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

అందుకని ఈసారి పోస్టరు మానేసి నోటు పుస్తకాలు పంచాం. ఏ రోజు ఎన్ని గ్రోసులు, ఎన్ని గంటలు, ఎంత కోత, సరుకు తెచ్చినవాడి పేరేమిటి. రేటు అడగడానికి ఈ లెక్క కావాలి. ఆడవాళ్లు అన్నీ రాశారు, రాయలేనివాళ్లు గీతలు పెట్టారు. పిల్లలు చేసిన గంటల గడి మాత్రం అందరూ ఖాళీగా వదిలేశారు. కేసు పెడతారని భయం.

ఆ గడి మీ బస్తీల్లో ఎవరైనా నింపించగలిగి ఉంటే, ఎలాగో సాయంత్రం కూర్చున్నప్పుడు చెప్పండి.