వావిలాల గారు మనకు అప్పగించిన పని

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో మొదటి బ్యాచి పూర్వ విద్యార్థి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి నా దగ్గర చదువుకున్నవాడే. నెల క్రితం ఫోన్ చేసి, "మాస్టారూ, మన ప్రాంతం నుంచి అసెంబ్లీకి వెళ్లి కుర్రకారు కోసం పాటుపడిన ఒకరి గురించి పావుగంట మాట్లాడాలి" అన్నాడు. నాకు వేరే పేరు తట్టలేదు. వావిలాల గోపాలకృష్ణయ్య గారు.

ఆయన 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టారు. పక్కనున్న పల్నాడులో పుల్లరి కట్టబోమని ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతును 1922లో పోలీసులు కాల్చి చంపేనాటికి ఆయనకు పదిహేనేళ్లు. అంతకు ముందు ఏడాదే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల–పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ గాలిలో పెరిగిన కుర్రవాడు స్వాతంత్ర్యోద్యమంలో దిగాడు, జైలుకు వెళ్లాడు, ఖద్దరు కట్టాడు, పెళ్లి చేసుకోలేదు. జనం ఆయన్ను ఆంధ్రా గాంధీ అన్నారు.

1952లో సత్తెనపల్లి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత 1955లో, 1962లో, 1967లో మళ్లీ మళ్లీ గెలిచారు. పిల్లలూ, ఒక విచిత్రం చూడండి. ఆయన మొదట కూర్చున్న సభ మద్రాసులో ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలుకు మారింది. 1956 తర్వాత హైదరాబాదు. రాజధానులు మూడు మారాయి గానీ సత్తెనపల్లి ఓటరు మనసు మారలేదు. పార్టీ అండ లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన ఎన్నికలు కూడా వాటిలో ఉన్నాయి. మంత్రి పదవి ఇస్తారని గానీ, కాంట్రాక్టు ఇప్పిస్తారని గానీ ఆయనకు ఎవరూ ఓటు వెయ్యలేదు. మా నాన్న 1967లో ఆయనకే వేశాడు. ఎందుకు నాన్నా అని తర్వాతెప్పుడో అడిగితే, "మన మాట అక్కడ చెబుతాడు గదా" అన్నాడు. అంతకు మించి ఆయనకు కారణం అక్కర్లేకపోయింది.

అక్కడ చెప్పాల్సిన మాటల్లో మొదటిది నీళ్ల గురించి. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని గొంతెత్తిన వాళ్లలో వావిలాల గారు ఒకరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మన గుంటూరు, ప్రకాశం మెట్టల మీదుగా వచ్చింది. అప్పటిదాకా వానను నమ్ముకున్న ఊళ్లలో పత్తి, మిరప నిలదొక్కుకున్నాయి. ఈ సభలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లున్నారు. మీ ఫీజు కట్టింది ఎక్కువ భాగం మిరప టిక్కీలేనని నేను చెప్పక్కర్లేదు.

రెండో మాట భాష గురించి. ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి.

మన బడి పెట్టిన 1974లో నేను ఎనిమిదో తరగతిలో చేరాను. మరుసటేడు మా ఇంటికి ఒక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అంతా ఇంగ్లీషు. నాన్నకు చదువు రాదు. "నువ్వు తొమ్మిదో తరగతి గదరా, చదువు" అని నా చేతిలో పెట్టాడు. నేను క్లాసులో ఫస్టు. అయినా ఒక్క వాక్యం బోధపడలేదు. చదవలేనని చెప్పడానికి సిగ్గేసి, ఏదో పన్ను సంగతి నాన్నా, కంగారేమీ లేదు అన్నాను. ఆ కాగితాన్ని చూరులో దోపారు. వారం తర్వాత నాకే మనసాగక హెడ్మాస్టరు గారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన చదివి నా ముఖం వంక చూశారు. బాకీ మీద అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు రెండు రోజుల క్రితమే దాటిపోయింది. అపరాధంతో కలిపి కట్టడానికి మా అమ్మ పెంచుకున్న గేదె దూడను అమ్మాం. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ బాధ.

మన రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం సచివాలయంలో ఉంది, ఇంగ్లీషు కాగితం మా చూరులో ఉంది. ఆ రెండింటి మధ్య దూరం తగ్గించడానికి 1974లో అధికార భాషా సంఘం వేశారు. దానికి మొదటి అధ్యక్షులు వావిలాల గారు. మన బడి, ఆ సంఘం ఒకే ఏడు పుట్టాయి. అప్పుడు నాకీ సంగతి తెలియదు. తెలుగు మాస్టరునయ్యాక తెలిసింది. పాలన జనం భాషలో ఉండాలని ఆయన అడిగింది కవిత్వం మీద మోజుతో కాదు. కాగితం చదవలేని ఇంట్లో పిల్లవాడు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకూడదని. ఇది నా వ్యాఖ్యానమే అనుకోండి, తప్పులేదు.

మూడోది గ్రంథాలయం. వావిలాల గారు గ్రంథాలయోద్యమ కార్యకర్త. మన జిల్లాకు ఆ ఉద్యమంలో గొప్ప చరిత్ర ఉంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పాటూరి నాగభూషణం గారి పూనిక అది. రేవు రేవునా పడవ ఆగేది, జనం పుస్తకాలు తీసుకునేవారు, చదివినవి తిరిగిచ్చేవారు. బడికి రాలేనివాళ్ల దగ్గరకు పుస్తకమే వెళ్లింది.

"ఈయన యువజన నాయకుడెలా అయ్యాడు?" అని వెనక వరసలో కుర్రాళ్లు అనుకుంటున్నారేమో. యువజన సభల్లో ఉపన్యాసాలు దంచినందుకు నేనాయన్ను ఎంచుకోలేదు. చేలో నీళ్లుంటే పిల్లవాడు వలస పోనక్కర్లేదు. కాగితం తన భాషలో ఉంటే ఎవడి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. చదువుకోవడానికి చోటుంటే ఎదగడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. కుర్రకారుకు ఇంతకంటే ఏం కావాలి? 1992లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2003 ఏప్రిల్ 29న, 96 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఇక అసలు విషయం. ఇది చెప్పడానికే వచ్చాను, కార్యదర్శి కోప్పడినా సరే.

మన సంఘం ఈ ఉత్సవానికి చందాలు పోగుచేసింది. ఆ డబ్బుతో బడి ముందు పెద్ద ముఖద్వారం కట్టి, దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించాలని ప్రతిపాదన. నా పేరు కూడా ఉంటుందట. ఆశ లేదని చెబితే అబద్ధం. కానీ మొన్న ఫిబ్రవరిలో బడికి వచ్చినప్పుడు ఒక తరగతిలో ముందు రెండు బెంచీలు ఖాళీ. పిల్లలేరమ్మా అంటే, "మిరప కోతలకండీ" అన్నారు టీచరమ్మ. కూలీ పెరిగింది, మనుషులు దొరకడం లేదు, అమ్మతో పాటు పిల్లా వెళుతోంది. కోతల కోసం వేరే జిల్లాల నుంచి వచ్చి కల్లాల పక్కన గుడారాల్లో ఉండే కుటుంబాల పిల్లలైతే ఏ హాజరు పట్టీలోనూ లేరు. తొమ్మిదో తరగతిలో నేనూ కోతలకు వెళ్లాను. సాయంత్రానికి మిరప ఘాటుకు చేతులు మండుతుంటే పుస్తకం పట్టుకోలేం. హెడ్మాస్టరు గారు కల్లం దగ్గరకు వచ్చి నాన్నతో మాట్లాడి వెనక్కి తీసుకురాకపోతే ఈ వేళ ఈ మైకు ముందు నేను లేను.

కాబట్టి నా మనవి ఇది. పడమటి వైపున్న పాత గదులు రెండూ తలుపులేసి ఉన్నాయి. కప్పు బాగుచేయించి, కిటికీలు, దీపాలు, బల్లలు పెట్టించి చదువుకునే గదులు చేద్దాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంచుదాం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తెలుగులో పుస్తకాలు, నాలుగు పత్రికలు వేయిద్దాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలకు వెళ్లే పిల్లలకు అక్కడే రాత్రి పాఠాలు చెబుదాం. వారానికి మూడు రోజులు నేను వస్తాను. లెక్కలకు, ఇంగ్లీషుకు మరో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు మాటిచ్చారు. కాగితాలు చదివించుకోవడానికి పెద్దవాళ్లు వచ్చినా కాదనం.

సాయంత్రం నాలుగింటికి సర్వసభ్య సమావేశం ఉంది. ముఖద్వారమా, గదులా అన్నది అక్కడ తేలుతుంది. దయచేసి భోజనాలు కాగానే బస్సెక్కకండి. ఉండి చెయ్యెత్తండి. ముఖద్వారానికే ఎక్కువ చేతులు లేస్తే నేను నొచ్చుకోను. నా చందా వెనక్కి అడగను. కానీ ఆ గదుల తాళంచెవి మాత్రం ప్రధానోపాధ్యాయుల గారిని అడిగి తీసుకుంటాను.