విత్తనం దాచిన చేతులు



1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు కోరాపుట్, రాయగడ సీమలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో ఉండేవి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయింది. ఎల్లలు మారినా సేద్యమే పల్లెకు ఆధారమై నిలిచింది.

2011 జనాభా లెక్కల ప్రకారం కోరాపుట్‌లో 13,79,647 మంది, రాయగడలో 9,67,911 మంది ఉన్నారు. వారిలో అత్యధికులు పల్లెవాసులు. సగానికి పైగా గిరిజనులు. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, సామలు, కందులు పండిస్తారు. ఒక పంట పోయినా మరొకటి ఇంటికి చేరాలన్న ముందుచూపు ఇందులో ఉంది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఆ వారసత్వాన్ని కాపాడుతూ వచ్చిన వారిలో స్త్రీల పాత్ర గొప్పది. జయపురం సమీపంలోని పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి నూరుకు పైగా దేశవాళీ వరి వంగడాలను కాపాడి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆమెకు బడి చదువు లేదు.

ఈ రెండు జిల్లాల్లోనూ పురుషులకంటే స్త్రీలే ఎక్కువ. అయినా 2011 నాటికి స్త్రీలలో అక్షరాస్యులు నూటికి నలభై మందైనా లేరు. ఏ విత్తనం ఏ నేలకు తగునో ఎరిగిన తల్లి, తన పొలం పట్టాలో ఏమున్నదో చదువుకోలేదు. ఆమె ఎరుక ఆమెతోనే అంతరిస్తే నష్టం ఊరందరిది.

కనుక కోతల కాలంలో ఆడపిల్లను బడి మాన్పించకండి. అవ్వ చెప్పిన విత్తనాల పేర్లను మనుమరాలు పుస్తకంలో రాసుకున్ననాడే బడికీ పొలానికీ పొత్తు కుదురుతుంది.