ఛాతీలో గడ్డ: ఇన్ని పరీక్షలు ఎందుకు?



"గడ్డ ఉందన్నారు కదా సిస్టర్, వెంటనే ఆపరేషన్ చేయకుండా ఈ పరీక్షలన్నీ ఎందుకు?" అని మీరు అడుగుతుంటారు. ఈ రోజు దాని గురించే చెబుతాను.

రెండు ఊపిరితిత్తుల మధ్య వచ్చే గడ్డలు చాలా రకాలు. వాటిలో అరుదైనది జెర్మ్ సెల్ ట్యూమర్. తల్లి గర్భంలో శిశువు పెరిగేటప్పుడు బీజకణాలు తమ చోటికి చేరకుండా ఛాతీలో ఆగిపోతే, అవే తర్వాత గడ్డ అవుతాయని వైద్యులు భావిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి తప్పూ కాదు. ఇందులో క్యాన్సర్ రకాలు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మగవారికి వస్తాయి.

తగ్గని దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం దీని లక్షణాలు. క్షయ కూడా ఇలాగే ఉంటుంది. అందుకే తెమడ పరీక్ష చేయించాలి. క్షయ మందులు వాడుతున్నా గుణం కనిపించకపోతే, వాటిని సొంతంగా మానకుండా వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

ఎక్స్‌రే, సి.టి. స్కాన్ గడ్డ ఎక్కడుందో, ఎంతుందో చూపిస్తాయి. అది ఏ రకమో తెలియడానికి ఎ.ఎఫ్.పి., బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అనే రక్తపరీక్షలు తోడ్పడతాయి. "హెచ్.సి.జి. గర్భిణులకు చేసేది కదా, మా అబ్బాయికెందుకు?" అని కంగారు పడకండి. ఈ గడ్డల్లో కొన్ని కూడా ఆ హార్మోనును తయారు చేస్తాయి. ఈ రక్తం చికిత్సకు ముందే తీయాలి. మందు పనిచేస్తున్నదీ లేనిదీ తర్వాత ఆ అంకెలతోనే పోల్చి చూస్తారు. అంకెలు మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

సాధారణంగా సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకిపోతుందన్న భయంతో దీన్ని వద్దనకండి. వృషణాలకు కూడా స్కాన్ చేస్తారు. గడ్డ అక్కడ మొదలై ఛాతీకి చేరిందేమో చూడాలి. నొప్పి ఉండదు, సిగ్గుపడవద్దు.

రకాన్ని బట్టే చికిత్స. మెచ్యూర్ టెరటోమాకు ఆపరేషన్ చాలు. సెమినోమాకు ముందు కీమోథెరపీ ఇస్తారు, చాలామందికి నయమవుతుంది. మిగతా క్యాన్సర్ రకాలు మొండివి. వాటికి కీమో తర్వాత మిగిలిన గడ్డను ఆపరేషన్ చేసి తీస్తారు. పిల్లలు కావాలనుకునే యువకులు కీమోకు ముందే వీర్యం భద్రపరచడం గురించి అడగాలి.

ముఖం, మెడ ఉబ్బినా, పడుకుంటే ఊపిరాడకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రిపోర్టులన్నీ ఒకే ఫైలులో దాచండి. సందేహం ఉంటే మమ్మల్ని అడగండి.