పిల్లలు వదిలివెళ్ళిన కారు: ధర కట్టడం ఎలా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక పాత బండ్ల బేరాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డి.ఎ. బకాయిల చర్చ అయ్యాక నా మాటలు ఎవరికి రుచిస్తాయో గాని, మనలో చాలామంది ఇళ్ళ ముందు విదేశాలకు వెళ్ళిన పిల్లల కార్లు గుడ్డ కప్పుకొని నిలబడి ఉన్నాయి. అవి ఎంతకు పోతాయో మనకు తెలియదు, కొనవచ్చినవాడికి తెలుసు. చిక్కంతా అక్కడే.

మా వీధిలో ఒక రిటైర్డు టీచరుగారున్నారు. వారి అబ్బాయి 2017లో కొన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. కారును వదిలి ఆస్ట్రేలియా వెళ్ళాడు. చూడటానికి చిన్నదే గాని లోపల 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, ఏడు గేర్ల ఆటోమేటిక్ పెట్టె. కుర్రకారు లెక్కలో స్పోర్ట్సు కారే. 2024లో ఒక బ్రోకరు వచ్చి, ఇన్సూరెన్సు కాగితం చూపించి, "దీని విలువే నాలుగు లక్షలమ్మా, అంతకు మించి ఎవరిస్తారు?" అన్నాడట. మా మనుమడికి ఆ కారు మీద ఎప్పటినుంచో కన్ను. "ఇంకో పాతికవేలు వేసి మనమే తీసుకుందాం తాతయ్యా" అన్నాడు.

ఆ కాగితంలోని అంకెను ఐ.డి.వి. అంటారు. కొత్త ధర మీద మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, అలా పెంచుకుంటూ ఐదేళ్ళలోపు 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్ళు దాటితే కంపెనీ, యజమాని కలిసి అనుకున్నదే. కారు దొంగలపాలైతే ఇచ్చే సొమ్ముకు అది హద్దు. బజారు ధర కాదు. ప్రీమియం కలిసొస్తుందని తక్కువ రాయించుకునేవారూ ఉన్నారు. పైగా ఈ పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. కావాలనుకున్నవాడు పాతదాని కోసమే రావాలి.

అదే సంవత్సరం కార్లు ఎంత చెబుతున్నారో మనుమడి చేతనే వెతికించాను. ఆరు నుంచి ఆరున్నర లక్షలు. చెప్పే ధర వేరు, తెగే ధర వేరు కనుక ఆరు దగ్గర పెట్టుకున్నాం. మేము వెళ్ళేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని ముందే చెప్పాం. వేడెక్కిన ఇంజను జబ్బులు దాచుకుంటుంది. మీటరులోని 31 వేల కిలోమీటర్లు సర్వీసు రికార్డుతో సరిపోయాయి. రద్దీలో మెల్లగా నడిపి గేర్లు కుదుపుతున్నాయేమో చూశాం. ఆ పెట్టెకు రిపేరు వస్తే ఖర్చు లక్షల్లోకి పోతుంది. కుదుపు లేదు. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూడండి. 2217 అంటే 2017లో 22వ వారం. అరగలేదు సరే, ఏడేళ్ళ రబ్బరు. వేగంగా పోయే బండికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

టైర్లు 28 వేలు, బ్యాటరీ 6 వేలు, పోయిన రెండో తాళంచెవి, సర్వీసు అన్నీ కలిపి 50 వేలు. తెల్లకాగితం మీద రాసి ఐదున్నర లక్షలని టీచరుగారి ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని కూడిక సరిచూసి మరీ ఒప్పుకున్నారు. గేటు దాటగానే "తాతయ్యా, మీరెవరి తరఫున?" అని మనుమడు అలిగాడు. "మీ నాయనమ్మ దగ్గరికి ఎవడైనా వచ్చి నాలుగంటే ఊరుకుంటావా?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు బ్యాంకుకు వెళ్ళి డబ్బు పంపాడు.

ధర తేలింది కదా అని తాళం ఇచ్చేయకండి. ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు ఉండి తీరితే ఫారం 35, పెండింగు చలానాలు, అన్నీ అప్పుడే చూసుకోవాలి. రాష్ట్రంలోపల అమ్మకమైతే 14 రోజుల్లో అమ్మినవారు తెలియజేయాలని 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను. కొన్నవాడు మార్పించుకుంటాడులే అని వదిలేస్తే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు నవీన్‌కుమార్ కేసులో చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం నాటికి ఆర్.సి.లో ఎవరి పేరుంటే నష్టపరిహారం వారిదే. పింఛను మీద బతికేవాడి నెత్తిన అది పడితే ఊహించుకోండి. డీలరుకు ఇచ్చేటట్లయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఫారం 29-సి వచ్చింది. అధీకృత డీలరేనా అని అడిగి, అది దాఖలు చేయించి, నకలు దగ్గర పెట్టుకోండి.

ఫారాలు నింపడంలో సందేహమున్నవారు ఆదివారం ఉదయం సంఘం గదికి రండి, నేనుంటాను. ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితం, కళ్ళజోడు మరచిపోవద్దు.