మరమ్మతు బకాయి



ఈరోజు సివిల్ ఇంజినీర్లుగా పట్టాలందుకుంటున్న మీకు కొత్త కట్టడాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను పాతవాటి గురించి, అందులోనూ సైనిక స్థావరాల్లోని భవనాల గురించి చెప్పాలని వచ్చాను.

అమెరికా రక్షణ శాఖ చెయ్యాల్సి ఉండీ చెయ్యకుండా వదిలేసిన భవన మరమ్మతుల విలువ 2020 ఆర్థిక సంవత్సరం నాటికి కనీసం 13,700 కోట్ల డాలర్లు. ఇది అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో తేల్చిన లెక్క. అంత బకాయి ఒక్క ఏడాదిలో పడేది కాదు. ఈ ఏడు కారే కప్పును వదిలేస్తే పై ఏటికి గోడలోకి చెమ్మ దిగుతుంది, ఆ తర్వాత శ్లాబులో కడ్డీ తుప్పు పడుతుంది. వాటర్‌ప్రూఫింగ్‌తో తీరిపోయే పని శ్లాబు పగలగొట్టేదాకా వస్తుంది.

2023లో అదే సంస్థ సైనికులుండే బ్యారక్‌లు చూసి నివేదిక ఇచ్చింది. బూజు, పొంగే మురుగు, పడని తాళాలు. నన్ను అన్నిటికంటే కలచివేసింది వేరే సంగతి. ప్లంబింగ్, కరెంటు లోపాలతో మూసెయ్యాల్సి వచ్చిన ఒక బ్యారక్‌కు రికార్డుల్లో వందకు 80 దాటి మార్కులున్నాయి. కాగితం మీద బాగున్న భవనానికి నిధులెవరిస్తారు? అందులో పడుకునే పద్దెనిమిదేళ్ల కుర్రాడి మాట ఏ పట్టికలోకి ఎక్కుతుంది?

ఈ భారం అమెరికాది మాత్రమే కాదు. బ్రిటన్ 1996లో సైనిక కుటుంబాల ఇళ్లు 57 వేలకు పైగా 166 కోట్ల పౌండ్లకు అమ్మేసి, చాలావాటిని తిరిగి అద్దెకు తీసుకుంది. మరమ్మతుల భారం మాత్రం తన మీదే ఉంచుకుంది. 2025 జనవరిలో 36 వేల పైచిలుకు ఇళ్లను దాదాపు 600 కోట్ల పౌండ్లకు వెనక్కి కొనుక్కుంది.

మన దగ్గర సైనిక భవనాల మరమ్మతుల బాధ్యత మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌ది. మీలో కొందరు యూపీఎస్సీ పరీక్ష రాసి అందులో చేరతారు. ఉప్పుగాలి ఇనుమును తినేసే విశాఖలోనో, సికింద్రాబాద్‌లోనో పోస్టింగ్ పడవచ్చు. తనిఖీకి వానాకాలంలో వెళ్లండి. పై అంతస్తు బాత్రూంలో నీళ్లు వదిలి, కింది గదిలో నిలబడి చూడండి. ఆ క్వార్టర్స్‌లో కాపురముంటున్నవాళ్లను అడగండి. పాడైందని రాయాల్సిన చోట పాడైందనే రాయండి, పై అధికారి మొహం చిట్లించినా సరే. నిధులు లేవంటే, వచ్చే ఏటికి ఆ పనికి ఎంత ఖర్చు పెరుగుతుందో పక్కనే అంకెల్లో వేసి, వాయిదా వేసినవారి చేత దాని కింద సంతకం పెట్టించండి.