మీనోదరమందలి సూక్ష్మజీవులు



స్నాతకులైన మీలో పెక్కుమంది త్వరలోనే కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చేపల చెరువుగట్లపై నిలుచువారు గనుక, శీలావతిచేప ప్రేవులలో నివసించు బాక్టీరియాను గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ సమయమున ఉచితమని నాకు తోచినది.

లేగదూడకు తొలి సూక్ష్మజీవులు పెక్కు తల్లివలన లభించును. శీలావతికి గర్భవాసమును లేదు, స్తన్యమును లేదు. హేచరీ తొట్టెలో పడిన గ్రుడ్డు పొరను ఆ నీటిలోని బాక్టీరియా ఆశ్రయించును. పిల్ల వెలువడి, సొనసంచి తరిగి, నోరు తెఱచి, చెరువున చేరి, మొదటి గ్రుక్క నీటితో ప్లవకములను మ్రింగినది మొదలు చెరువే దాని యుదరమున ప్రవేశించును. పిదప గెడలకు కట్టిన చిల్లుల సంచులలోని తవుడు, ఎరువుగా వేసిన కోళ్లపెంట, అడుగున పేరుకొనిన బురద, ఇవన్నియు తమ తమ సూక్ష్మజీవులను దానికి పంచుచుండును.

ఐనను చేపప్రేవు వచ్చినవానినెల్ల ఉండనీయదు. ఒక శీలావతిని కోసి చూడుడు: జఠరము కానరాదు, దేహమునకు అనేక రెట్లు పొడవైన ప్రేవు చుట్టలుగా మడతపడియుండును. ప్రాణవాయువు కొఱవడిన ఆ నాళములో కొన్ని జాతులు మాత్రమే నిలువగలవు. సిటోబాక్టీరియము అట్టిది, మంచినీటి చేపలనేకములలో అది విస్తారముగ వృద్ధినొంది బి12 విటమినును సృజించుచున్నది. మేతలో ఆ విటమిను వేయకున్నను సాధారణ కార్పుచేపకును, తిలాపియాకును లోటు కలుగకుండుటకు ప్రేవులోని యీ యుత్పత్తియే కారణము. పిండిపదార్థములను, పీచును విడగొట్టు ఎంజైములను స్రవించు బాక్టీరియాను గూడ శీలావతి ప్రేవునుండి శాస్త్రజ్ఞులు వేఱుపఱచియున్నారు. ఇంతటి సహాయము కంటికి కానరాని జీవులవలన కలుగుట నాకు నేటికిని ఆశ్చర్యకరమే.

ఐతే ఈ జీవులన్నియు సహాయకములే కావు. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అను బాక్టీరియము ఆరోగ్యవంతమైన చేపలోను ఉండును. చేపలు క్రిక్కిఱిసి, ప్రాణవాయువు తగ్గి, అమ్మోనియా హెచ్చినపుడు అదియే పుండ్లకును రక్తస్రావమునకును హేతువగును. అట్టి తరుణమున తొందరపడి మేతలో యాంటీబయాటిక్కును కలిపినచో, హితకరములైన జాతులును నశించును. మందునకు లొంగని రకములు బురదలో మిగిలి, మఱుపంట పిల్లల నోటికి చేరును. కావున రైతు మందు పేరడిగినపుడు, తెల్లవారుజామున నీటిలోని ఆక్సిజనును కొలువుడు, అడుగు బురదను చేతబట్టి వాసన చూడుడు, చేపను కోసి ప్రేవును పరీక్షింపుడు. అటుపిమ్మటనే చీటీ వ్రాయుడు.